యాదగిరన్న గీసిన కళ్లు

రెండేళ్ల కిందట, వినాయక చవితి ఇంకా పది రోజులుందనగా జరిగిన సంగతి ఇది. శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో మాది డీటీపీ షాపు. అంటే అక్షరాలనూ బొమ్మలనూ కంప్యూటర్‌లో పేజీగా పేర్చి అచ్చుకు సిద్ధం చేసే పని. పెళ్లి కార్డులు, మా చర్చి కరపత్రాలు, గణేశ్ మండపాల ఫ్లెక్సీలు అన్నీ ఒకే టేబుల్ మీద తయారవుతాయి. షాపు పెట్టక ముందు సిటీలో ఒక పాత ప్రెస్సులో ప్రూఫ్‌రీడింగ్ నేర్చుకున్నాను. కంటికి తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. ఆ అలవాటంటే నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే యాదగిరన్న వచ్చాడు. పాల్మాకుల మనిషి, యాభై దాటాయి. ఎయిర్‌పోర్టులో ప్రయాణికులు వదిలేసిన ట్రాలీలను వరసగా చేర్చి తోసుకొచ్చే పని. సంచిలోంచి ఎనిమిది తెల్ల కాగితాలు తీసి నా ముందు పెట్టాడు.

"చెల్లె, ట్రాలీల ఎవలో పేపర్ ఇడిసి పోయిండ్రు. అండ్ల చూసిన. దేశం మొత్తానికి బొమ్మల కథల పోటీ అంట. నవ్వొచ్చేటియి గియ్యాలెనంట. మొదటిసారి పంపెటోళ్లకు బహుమతులు వేరేగ ఉన్నయట. జర కంప్యూటర్ల ఎక్కించి పంపాలె."

కామిక్స్‌కూ హాస్యచిత్రాలకూ ఇచ్చే జాతీయ అవార్డులవి. ఏ భారతీయ భాషలోనైనా పంపొచ్చు, ఇంగ్లిష్ అర్థం విడిగా జతచేయాలి. గడువు మర్నాడు సాయంత్రం ఐదు.

కథ చూస్తూనే నాకు నవ్వొచ్చింది. ఒక పల్లెటూరి అమ్మాయి వారం రోజుల ట్రైనింగ్ కోసం బెంగళూరు పోతుంది. సాగనంపడానికి సరుకులు మోసే డీసీఎం వ్యాన్‌లో ఇరవై రెండు మంది వస్తారు. ఎయిర్‌పోర్టు గేటు ముందు అందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు. ఇంతలో వాన పడి విమానం రద్దవుతుంది. పిల్లను అదే వ్యాన్‌లో ఇంటికి తీసుకుపోయి, మర్నాడు మళ్లీ ఇరవై రెండు మందీ వస్తారు. ఈసారి ఎవరికీ ఏడుపు రాదు. తల్లికి నామోషీ. మొగుణ్ని గిచ్చి, "జర ఏడువు, అందరు సూస్తున్నరు" అంటుంది. ఆయన అంటాడు: "నిన్ననే ఏడ్చినం గద! ఎన్నిసార్లు ఏడుస్తరు?"

"రేపు పొద్దున పదకొండు గంటలకు రా అన్నా, ప్రూఫ్ చూపిస్తాను" అన్నాను. ప్రూఫ్ అంటే చివరి అచ్చుకు ముందు పని ఇచ్చినవాళ్లు చూసి ఒప్పుకోవలసిన నమూనా.

ఆయన వెళ్లాక పనిలో దిగాను. బొమ్మలు వేసేవాళ్లు ముందు పెన్సిల్‌తో గీసుకుని, పైన పెన్నుతో దిద్ది, ఆ తర్వాత పెన్సిల్ గీతలు చెరిపేస్తారు. ఈ పేజీల్లో సన్నటి పెన్సిల్ గీతలు మిగిలిపోయాయి. పాపం తీరిక లేక చెరపలేదేమో అనుకుని, మంచి రబ్బరు తీసుకుని ఎనిమిది పేజీలూ శుభ్రం చేశాను. స్కాన్ చేసి, వంకర గీతలు సరిచేశాను. మాటలన్నీ కొత్తగా టైపు చేస్తూ భాష కూడా దిద్దాను. "నిన్ననే ఏడ్చాము కదా! ఎన్నిసార్లు ఏడుస్తారు?" జాతీయ స్థాయికి పోతోంది మరి, తప్పులుండకూడదు.

మర్నాడు యాదగిరన్న స్క్రీన్ ముందు కూర్చుని ఎనిమిది పేజీలూ మెల్లగా చూశాడు. నవ్వలేదు. మళ్లీ మొదటికి వెళ్లాడు.

"చెల్లె, కండ్లేవి?"

అప్పుడు చూశాను. ఎవరికీ కళ్లు లేవు. పెన్నుతో గీసిన కంటి గీత ఉంది గానీ చూపు లేదు. కనురెప్పల వంపు, కళ్ల కింది ఉబ్బు, పక్కకు జారిన నల్లగుడ్డు, అన్నీ పోయాయి. ఇరవై రెండు మందీ గోడకు అతికించిన బొమ్మల్లా ఉన్నారు.

"పెన్నుతోని గీస్తె కండ్లు గుడ్లురిమినట్లుంటయి. అందుకే పెన్సిల్‌తోని గీసిన" అన్నాడు. కోపంగా అనలేదు.

"తప్పయిందన్నా. అడగకుండా చెరిపేశాను."

ఆయన స్క్రీన్ మీది మాటల మీద వేలు పెట్టాడు. తర్వాత, "ఈ మాటలు గూడ నాయి గావు" అన్నాడు. "గిట్ల మా ఊర్ల ఎవ్వలు మాట్లాడరు. నువ్వు మాట్లాడుతవా?"

మాట్లాడను. మా అమ్మతోనైతే నేనూ "ఏడ్చినం" అనే అంటాను. షాపులో కూర్చుంటేనే అది తప్పయిపోతుంది.

"మళ్లీ గీస్తావా అన్నా? ఐదింటి దాకా టైముంది."

"గీస్త. గని కండ్లు యాదిల కెల్లి రావు. మనుషులను చూసుకుంట గియ్యాలె."

డ్యూటీ రెండు గంటలకు. తోటి పనివాడికి ఫోన్ చేసి షిఫ్ట్ మార్చుకున్నాడు. పెన్సిల్ చెక్కుకుని, జిరాక్స్ మెషిన్ పక్కన స్టూల్ వేసుకున్నాడు. ఫ్లెక్సీల సీజన్ కావడంతో షాపు నిండా జనమే. ఆయన వాళ్ల ముఖాలు చూడటం మొదలుపెట్టాడు.

ఆధార్ జిరాక్స్‌కు వచ్చిన ఒకామె ఊరుకోలేదు. "ఏందన్నా, గట్ల చూస్తున్నవ్?"

నేను కంగారుగా విషయం చెప్పాను. యాదగిరన్న కథ మొత్తం వినిపించాడు. ఆమె నవ్వాపుకోలేక చేతిలోని కాగితాలు కింద పడేసుకుంది.

"అక్కా, నిన్న మస్తు ఏడ్చినవ్, ఇయ్యాల ఏడుపొస్తలేదు. కండ్లెట్ల వెడ్తవు?" అని ఆయన అడిగాడు.

ఆమె చీర కొంగు కళ్ల దగ్గర పెట్టుకుని, దాని పైనుంచి ఎవరు చూస్తున్నారా అని అటూ ఇటూ చూసింది. "గట్లనే ఉండు!" అని ఆయన గీసేశాడు. తల్లి కళ్లు దొరికాయి. ఇక షాపులో పోటీ మొదలైంది. ఫ్లెక్సీ కోసం వచ్చిన మండపం అధ్యక్షుడు, నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, "నన్ను గూడ గియ్యన్నా" అని ముఖం వేలాడేశాడు. మీసాలు చూస్తే ఏడుపు, కళ్లు చూస్తే నవ్వు. కథలో అమ్మాయి చిన్నాన్నకు ఆ కళ్లే కుదిరాయి.

నేనూ ఒక పరీక్ష పెట్టాను. చివరి మాటను ముందు నేను దిద్దినట్టు చదివాను. అందరూ మర్యాదగా తలూపారు. తర్వాత యాదగిరన్న రాసినట్టు చదివాను. షాపు మొత్తం గొల్లున నవ్వింది. పద్దెనిమిదేళ్ల నా ప్రూఫ్‌రీడింగ్‌కు అంత స్పష్టమైన తీర్పు ఎప్పుడూ రాలేదు.

ఎనిమిది పేజీల్లోనూ అందరి కళ్లూ పూర్తయ్యేసరికి నాలుగు దాటింది. ఈసారి పెన్సిల్ ఛాయలు పోకుండా గ్రేస్కేల్‌లో స్కాన్ చేశాను. అంటే నలుపు తెలుపులే కాక, మధ్యలోని బూడిద రంగులూ పట్టే పద్ధతి. వంకర గీతల జోలికి పోలేదు. టైపు చేసిన అక్షరాలు తీసేసి ఆయన చేతిరాతనే ఉంచాను. ఇంగ్లిష్ అర్థం మాత్రం నేను రాశాను, అదీ ప్రతి వాక్యం ఆయనకు చెప్పి. ఐదుకు పావుగంట ముందు పంపించాం. వెళ్లిందని స్క్రీన్ మీద కనబడగానే, ఆధార్ జిరాక్స్ ఆమె చప్పట్లు కొట్టింది. ఆమె పని ఎప్పుడో అయిపోయింది, వెళ్లలేదంతే.

కొన్ని నెలల తర్వాత ఫోనొచ్చింది. మొదటి బహుమతి కాదు. తొలిసారి పంపినవాళ్ల విభాగంలో ప్రత్యేక ప్రశంస. ఎంపికైన కామిక్స్‌తో వేసిన పుస్తకంలో ఆ ఎనిమిది పేజీలూ ఉన్నాయి. యాదగిరన్న పుస్తకం పట్టుకుని షాపుకొచ్చి, తన పేజీ నాకు చూపకుండా పక్క పేజీలో ఎవరో మలయాళీ గీసిన బొమ్మ చూపించాడు. "సూడు చెల్లె, ఈయన ఎంత మంచిగ గీసిండో! మాటలు తెల్వకున్న నవ్వొస్తున్నది." ఆయన ముఖంలో అంత సంతోషం అంతకు ముందు చూడలేదు. ఇంట్లో అందరూ ఆయనది పిచ్చి అనుకునేవారట. అదే పిచ్చి ఉన్నవాళ్లు దేశంలో ఇంతమంది ఉన్నారని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నేను పెన్సిల్ గీత కనిపిస్తే ముందు అడుగుతాను. మాట దిద్దేముందు, రాసినవాళ్ల చేత ఒకసారి పైకి చదివించుకుంటాను. స్పెల్లింగ్ తప్పు వేరు, మనిషి మాట వేరు. ఆ రెండింటికీ తేడా నాకు ప్రెస్సులో ఎవరూ చెప్పలేదు.

మొన్నామధ్య రావిర్యాల నుంచి ఒక తల్లి కూతురి పెళ్లి కార్డు వేయించుకోవడానికి వచ్చింది. 'బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి' అన్న వాక్యం నా కంప్యూటర్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అది తెరవకుండా, "నువ్వైతే ఎట్ల పిలుస్తవమ్మా?" అని అడిగాను.

ఆమె కాస్త సిగ్గుపడి చెప్పింది. "పిల్ల పెండ్లి వెట్టుకున్నం. ఇంటిల్లిపాది రాండ్రి. రాకుంటె నేను మాట్లాడ."

అలాగే టైపు చేశాను. చివరి వాక్యం తీసేద్దామా అని అడగలేదు.