ఆటల పీరియడ్ మీద వేసిన నింద

మూడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మేడ్చల్ దగ్గర ఈ కాలనీకి వచ్చేనాటికి పాప మూడో తరగతి. ఆయాసమని, ఆటలు వద్దని ప్రతి వారం చీటీ రాసి పంపేదాన్ని. పాపకు ఆయాసం ఉందా? లేదు. ఎక్కడ పడుతుందోనన్న భయం నాది. అప్పట్లో బాగా పరుగెత్తే పదిమందే ఖోఖో ఆడేవారు, మిగతావాళ్లు షెడ్డు కింద కూర్చునేవారు. నా చీటీకి అడ్డే లేదు.

అత్వెల్లి నుంచి వచ్చే కొత్త పీఈటీ మేడం అది మార్చేసింది. ఎవరూ ఔటై పక్కన కూర్చోనక్కర్లేని ఆటలు పెట్టింది. ఆమెకు బడి ఇచ్చింది రెండు బంతులు, గీతలకు కాస్త సున్నం. సిలబస్ కాలేదని లెక్కల సారు పీరియడ్ లాక్కుంటే, వెళ్లి పిల్లల్ని వెనక్కి తెచ్చుకునేదట. నా చీటీ తిరిగొచ్చింది. వెనక, ‘మెల్లగా ఆడిస్తాను’ అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాతి సోమవారం సాయంత్రం పాప మా బాత్రూంలో జారిపడింది. చెయ్యి విరిగింది. సబ్బునీళ్లు వదిలేసింది నేను. ఆ నేల గురించి మా ఆయన ఎన్నిసార్లు హెచ్చరించారో! అందుకే ఆయన ఇంటికి రాకముందే పాపకు నేర్పాను, బడిలో పడ్డానని చెప్పమని. తల్లుల వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగారు, కొత్త ఆటల్లోనా అని. అవునన్నాను. అందరూ బడి మీదికి లేచారు.

హెడ్మాస్టర్ పిలిపిస్తే వెళ్లాం. ఆయన గదిలో మేడం మొదట చూసింది, పాప తన కట్టు మీద గీసుకున్న బొమ్మను.

"గిదేంది బిడ్డా, కోడిపిల్లనా, డైనోసారా?"

"పిల్లి, మేడం!"

"అబ్బో, మస్తుంది పిల్లి." తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, నా పీరియడ్ల ఎవ్వలూ పడలే. ఇంటికాడ ఏమన్న అయిందా? చెప్పుండ్రి, నేనేమనుకోను."

"నాకెలా తెలుస్తుందండీ? పాపే చెప్పింది."

పాప నవ్వు ఆగిపోయింది. తల దించుకుంది.

ఆ వారమే కొత్త ఆటలు ఆపేశారు. మళ్లీ పదిమంది ఖోఖో, మళ్లీ షెడ్డు. రెండు రోజులకోసారి ఆ పీరియడ్‌లో లెక్కలు. బస్టాపులో కనిపిస్తే మేడం ఇప్పటికీ "బాగున్నరా అక్కా?" అంటుంది. ఆ పలకరింపుకు నేను ఫోను చూసుకుంటాను. ఎవరి మీద ఈ విసుగు? ఆమె మీదా?

మొన్న పాప చేతిలోంచి గాజు గ్లాసు జారి పగిలింది. ఏడవలేదు. నెమ్మదిగా అడిగింది: "అమ్మా, నాన్నకు ఏమని చెప్పాలి?"

పాప పడింది మా ఇంట్లో. నా నిర్లక్ష్యం వల్ల. ఆ రోజు హెడ్మాస్టర్ గదిలో అనాల్సిన మాట ఇదే. ఇప్పుడు రాశాను.