చివరి వరుస స్క్రూలు

తియోఫీల్‌కి "బ్యాటరీల తల్లి" అని పేరు పెట్టింది నేనే. అరవై దాటిన మనిషి, మా ఆన్స్ గ్రీ రేవులో సగం ఇళ్లకి రేకులు వేసిన మేస్త్రి. అలాంటివాడు పని మధ్యలో డ్రిల్లు ఆపి, బ్యాటరీ ఊడదీసి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చెంపకి ఆనించుకుంటుంటే ఇంకేమని పిలవాలి? వేడెక్కిందనిపిస్తే దాన్ని నీడలో పడుకోబెట్టి ఇంకోటి తగిలించేవాడు. కాలుతున్న రేకు మీద బ్యాటరీ పెట్టినవాణ్ని ఆ పూటకి నిచ్చెన ఎక్కనిచ్చేవాడు కాదు.

అతని దగ్గర నాలుగు బ్యాటరీలు ఉండేవి. వాటి మీద పడవల రంగుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసుకుని వంతుల ప్రకారం వాడేవాడు. ఏదీ సగానికి మించి అరిగేదాకా ఉంచేవాడు కాదు, మార్చేసేవాడు. డ్రిల్లు మూలగడం మొదలుపెడితే ఇక ఒక్క స్క్రూ కూడా తోలేవాడు కాదు. "ఆవుని పిండినా దూడకి కాస్త వదులుతాం కదరా" అనేవాడు. పని ముగిసిన వేడి మీద ఛార్జింగు పెట్టేవాడు కాదు. గట్టి కర్ర అయితే ముందు చేతి బరమాతో బెజ్జం వేసి, స్క్రూకి కొవ్వొత్తి మైనం రాసి, అప్పుడు డ్రిల్లు పట్టేవాడు. "నేరుగా తోల్తే దూలం నీ బ్యాటరీని తాగేస్తాది" అనేవాడు.

అతని పక్కన పనిచేసే కాజిమీర్‌కి ఇదంతా చాదస్తంగా ఉండేది. కాజిమీర్ డ్రిల్లు మీద ఒళ్లంతా వేసి నొక్కేవాడు, ఏడాదికో కొత్త బ్యాటరీ కొనేవాడు. తియోఫీల్ బ్యాటరీలు మాత్రం ఏడేళ్ల నుంచీ అవే. అది తెలిసి కూడా మేం నవ్వేవాళ్లం. వేళాకోళానికి ఖర్చేముంది?

నేను చేపలు పట్టేవాణ్ని. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఏది పాడవుతుందనిపించినా ఐసులో పెట్టడం.

ఆ సెప్టెంబరు గాలివాన మా రేవులో మూడొంతుల ఇళ్ల కప్పులు పీక్కుపోయింది. తియోఫీల్ అక్క ఎల్డీకా ఇంటి కప్పు కూడా పోయింది. ఆమె భర్త నార్బర్ట్, లేచిపోతున్న రేకుని పట్టుకుని ఆపబోయి చనిపోయాడు. ఫిబ్రవరి వచ్చినా ఆమె చర్చి హాల్లో చాప మీదే పడుకుంటోంది. ఊరికి కరెంటు ఇంకా రాలేదు. శుక్రవారం సాయంత్రం బడి దగ్గర రెండు గంటలు జనరేటరు వేస్తే, తియోఫీల్ అక్కడికి తన నాలుగు బ్యాటరీలూ మోసుకెళ్లి, నాలుగూ నిండేదాకా పక్కనే కూర్చునేవాడు. కాజిమీర్ బ్యాటరీలు వరదలో కొట్టుకుపోయాయి. ఊరందరికీ ఆ నాలుగే దిక్కు.

ఎల్డీకా ఇంటికి ఒక శనివారం కూద్‌మే అనుకున్నాం. అంటే ఊరంతా వచ్చి చేతులు వేస్తుంది. కూలీ ఉండదు, ఇంటావిడ వండి పెడుతుంది. సాయంత్రానికి పెద్ద గాలీ వానా వస్తాయని పొద్దున్నే రేడియోలో చెప్పారు. సగం వేసిన కప్పు గాలికి అసలు లేనిదానికంటే ప్రమాదం. కింద చేరిన గాలి బిగించిన రేకుల్ని కూడా లేపేస్తుంది. మళ్లీ రేకులు తెచ్చుకునే శక్తి ఎల్డీకాకి లేదు. ఆ రోజు పూర్తి కావాల్సిందే.

ఎత్తు ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయని తియోఫీల్‌కి తెలుసు. అందుకని బ్యాటరీలకి కాపలా పెట్టాడు. "నీడలో పెట్టు, దుమ్ము పడనియ్యకు, అడిగినప్పుడు అందియ్యి. అంతే" అన్నాడు. అంతే అన్నాడు కాబట్టి అంతే చేసి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి ఒకటీ రెండూ సగం వాడి దించారు. పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. సీమపనస చెట్టు నీడ కూడా ఉడికిపోతోంది. పొద్దున పట్నం నుంచి ఐసు నింపి తెచ్చిన నా పడవ పెట్టె నాలుగడుగుల దూరంలోనే ఉంది. బ్యాటరీల తల్లి మెచ్చుకుంటుందనుకుని ఆ రెండింటినీ అందులో పెట్టాను. ముందుగానే చల్లబడి ఉంటుంది కదా అని, ఇంకా ముట్టుకోని నాలుగోదాన్ని కూడా పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గంట తర్వాత తియోఫీల్ నాలుగోది అడిగాడు. నేను గర్వంగా మూత తీశాను. ఐసు కరిగింది. చేపల ఉప్పునీళ్లలో మూడూ నడుము దాకా మునిగి ఉన్నాయి.

"ఇదేంట్రా ఓస్బర్ట్?"

"వేడిగా ఉన్నాయని... చల్లగా ఉంటాయి కదా అని..."

పైనుంచి కాజిమీర్ చూశాడు. "ఓ ఎల్డీకమ్మా! కూరలోకి ఇంకేం కొయ్యక్కర్లేదు. ఓస్బర్ట్ బ్యాటరీలు నానబెట్టాడు!"

అందరూ ఘొల్లుమన్నారు. తియోఫీల్ నవ్వలేదు, తిట్టలేదు. గుడ్డతో ఒక్కోదాన్నీ పట్టుకుని, దూరంగా ఇసక మీద విడివిడిగా పెట్టి వచ్చాడు. "వాటి దగ్గిరికి ఎవరూ పోమాకండి. ఉప్పునీళ్లు తాగినాయి, ఎప్పుడు మంట లేస్తాదో చెప్పలేం" అన్నాడు. అప్పుడు నవ్వులు ఆగాయి. ఇక మిగిలింది డ్రిల్లులో ఉన్న మూడో నంబరు, అదీ సగమే. కప్పు మాత్రం సగం కూడా కాలేదు.

కాజిమీర్ కిందికి దిగాడు. "మేకులున్నాయిగా మావా? ఇయాళ్టికి మేకులు దిగ్గొట్టేసి కప్పు మూసేద్దాం. సోమారం వచ్చి స్క్రూలేసుకుందాం."

"సోమారం లేదు" అన్నాడు తియోఫీల్. గోడ వెనక్కి వెళ్లి నీళ్ల తొట్టి అంచున కూర్చున్నాడు.

నేను వెనకే వెళ్లాను. "నన్ను రెండు తన్నరాదా అన్నా" అన్నాను.

"నిన్నెందుకురా తంతా? నువ్వు తెలీక చేశావు." కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఈ ఇంటి పాత కప్పు వేసింది ఎవరనుకున్నావు? నేనే. ఏడేళ్లయింది. అప్పుడు నాకూ ఓపిక లేదు, కాజిమీర్ లాగే తోలేవాణ్ని. పడకగది మీద చివరి వరుస దగ్గిర బ్యాటరీ చచ్చిపోయింది. మేకులు కొట్టేసి, సోమారం వచ్చి స్క్రూలేస్తానక్కా అన్నాను. సోమారం ఇంకో పని తగిలింది. ఆ తర్వాత మరిచిపోయాను. కాదులే, మరిచిపోలేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. ఇంకే ఇంటి మీదా బ్యాటరీ చావనియ్యకూడదని ఆనాటి నుంచీ చూసుకుంటున్నాను, ఆ వరుస మాత్రం అట్టానే వదిలేశాను."

నాకు అర్థమైంది.

"గాలివానయ్యాక వాగులో ఆ రేకు దొరికింది. బెజ్జాలు చూశాను. మేకుల బెజ్జాలే, గాలి లాగితే మేకు ఊడొచ్చేస్తాది. ఆ వరుస నుంచే లేచింది కప్పు. బావ పట్టుకున్నది ఆ రేకునే." ముఖం తుడుచుకున్నాడు. "అక్కకి చెప్పలేదు. ఎట్టా చెప్పను?"

అతను ప్రతి బ్యాటరీనీ చెంపకి ఎందుకు ఆనించుకుంటాడో నాకు అప్పటిదాకా తెలియదు. తెలియకుండానే పేరు పెట్టి ఏడేళ్లు నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అతను లేచి, సుద్దముక్క తీసుకుని కప్పు మీద గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాడు. "గాలి ముందు చెయ్యి పెట్టేది చూరు కింద, తర్వాత కొప్పు దగ్గిర. అయ్యి రెండూ డ్రిల్లుకి. మిగతాయి చేతులకి. పానాలు ఎవరి దగ్గిరున్నాయి?" రేకు స్క్రూలకి బోల్టు లాంటి తలే కాబట్టి పానా పడుతుంది; పడవ ఇంజన్లు ఉన్న ప్రతివాడి దగ్గరా పానాలు ఉన్నాయి. ఆడవాళ్లు చర్చి నుంచి కొవ్వొత్తి ముక్కలు తెచ్చి స్క్రూలకి మైనం పూయడానికి కూర్చున్నారు. ఇద్దరు బరమాలతో బెజ్జాలు వేస్తుంటే, వెనకే ఎనిమిదిమంది పానాలతో బిగించుకుంటూ వచ్చారు. "ఎద్దుని కాడికి కట్టినట్టు కట్టేశాడు మమ్మల్ని" అని కాజిమీర్ సణుగుతూనే అందరికంటే ఎక్కువ బిగించాడు.

తియోఫీల్ మూడో నంబరుతో నెమ్మదిగా, చిన్న వేగం మీదే పనిచేశాడు. పది స్క్రూలకోసారి ఆపి చెంపకి ఆనించుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొప్పు అయింది, మూడు వైపులా చూరు అయింది. పడకగది మీద చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి డ్రిల్లు మూలిగింది. తియోఫీల్ ఆపేశాడు.

"బ్యాటరీ మీద ఇంకా ఒక చుక్క వెలుగుతా ఉంది మావా, తోలెయ్!" అన్నాడు కాజిమీర్.

"దీన్ని కూడా చంపితే వచ్చే వారం ఎవరింటికి ఏం పట్టుకుపోతాం?" అని బ్యాటరీ ఊడదీసి చొక్కాలో చుట్టి కిందికి అందించాడు. పానా చేతిలోకి తీసుకున్నాడు. సముద్రం మీద మబ్బు నల్లగా కమ్మింది. గాలి లేచింది. అందర్నీ దిగమన్నాడు. నేను మాత్రం నిచ్చెన ఎక్కాను. కళ్లు తిరిగాయి. దూలాన్ని గట్టిగా పట్టుకుని రెండో పానా అందుకున్నాను. వద్దనలేదు. ఆ వరుసలో ఇరవై రెండు స్క్రూలు. అతను ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి. నా అరచేతుల్లో బొబ్బలు చిట్లాయి. మధ్యలో ఇద్దరం కలిసేసరికి మొదటి చినుకులు పడ్డాయి. నేను బిగించినవన్నీ అతను మళ్లీ ఒక్కోదాన్నీ తిప్పి చూశాడు. రెండు వదులుగా ఉన్నాయి. బిగించాడు.

వాన దంచి కొడుతుంటే అందరం ఆ కప్పు కిందే కూర్చున్నాం. గాలి వచ్చి గుద్దినప్పుడల్లా తలలెత్తి చూశాం. ఒక్క రేకు కూడా చప్పుడు చెయ్యలేదు. ఎల్డీకా కాల్చిన సీమపనస, ఎండుచేప కూర పళ్లెంలో పెట్టి ముందుగా తమ్ముడికి తెచ్చింది. అతను అందుకోలేదు.

"అక్కా, నీకో మాట చెప్పాలి. ఆ పాత కప్పు..."

"తిను ముందు."

"కాదక్కా, ఆ చివరి వరుస..."

"నాకు తెలుసురా" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలాగని మరీ మెత్తగానూ లేదు. "ఆ సోమారం నువ్వొస్తావని ఇదే వండి పెట్టాను. మీ బావా నేనూ పొద్దుగూకేదాకా చూశాం."

తియోఫీల్ తల వంచుకుని ఏడ్చాడు. ఆమె పళ్లెం అతని ఒళ్లో పెట్టి, అతను మొదటి ముద్ద తినేదాకా అక్కడే నిలబడింది.