జాకెట్టు ముక్కల్లో కలిసిపోయిన చెరువు

ఇవాళ పొద్దున మా కాలనీలోకి కొత్తగా వచ్చినావిడ గృహప్రవేశానికి పిలవడానికి వచ్చి, బొట్టు పెట్టి, రెండు అరటిపళ్లూ ఒక జాకెట్టు ముక్కా నా చేతిలో పెట్టింది. ఆవిడ ఇంకా మెట్లు దిగకముందే నేను ఆ ముక్క మడత విప్పేసి, వెలుతురుకి పట్టి నాలుగు మూలలూ చూశాను. ఆకుపచ్చ పాలిస్టరు. ఆవిడ వెనక్కి తిరిగి చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "ఇచ్చినవాళ్ల ఎదురుగా విప్పి చూస్తారుటే ఎవరైనా?" అని మా అత్తగారు హాల్లోంచి కేకేశారు. ఆ మాట అనే హక్కు కొంపల్లిలో ఎవరికైనా ఉండొచ్చు గానీ మా అత్తగారికి మాత్రం లేదు. నాకీ రోగం అంటుకున్నది ఆవిడ వల్లే.

మా అక్క బొమ్మలు వేస్తుంది. చాలాకాలం సిటీలో ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేసి, రిటైరయ్యాక శామీర్‌పేట చెరువు కనబడేలా ఒక పై వాటా అద్దెకు తీసుకుంది. పెళ్లెందుకు చేసుకోలేదే అంటే "ముందు నీ సంసారం చూశాను కదా" అంటుంది. సిల్కు స్కార్ఫులకు పేరుపడ్డ ఒక విదేశీ ఫ్యాషన్ కంపెనీవాళ్లు ఎక్కడో అక్క బొమ్మలు చూసి, మాకొక స్కార్ఫు గీసిపెట్టమని అడిగారు. అలాంటివి కొన్నే అచ్చువేసి ఆపేస్తారట. కొన్నవాళ్లు మెడకు చుట్టుకోరట, అద్దాల్లో బిగించి దాచుకుంటారట. అక్క తన చెరువునే గీసింది. నడుమ నీళ్లు, బండలు, ఆరేసిన వలలు, తెప్ప మీద ఒక మనిషి. నాలుగు అంచుల వెంబడీ గోరంత వెండి చేపలు, ఒక్కటీ రెండోదానిలా ఉండదు. కింద మూలన సంతకం. అసలు బొమ్మ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. తన వంతుకొచ్చిన ఒక్క స్కార్ఫునూ మా కొంపల్లి ఇంటి గృహప్రవేశానికి నాకిచ్చేసింది. "మెడకి చుట్టుకుంటావో, గోడకి కొట్టుకుంటావో నీ ఇష్టం" అంది. నేను రెండూ చేయకుండా పెట్టెతో సహా బీరువాలో దాచాను. వచ్చినవాళ్లకల్లా తీసి చూపించి, మళ్లీ భద్రంగా మడిచి పెట్టేదాన్ని.

మన ఇళ్లల్లో జాకెట్టు ముక్కల సంగతి చెప్పక్కర్లేదు. పేరంటానికెళ్తే ఒకటి, పిలుపులకొస్తే ఒకటి. ఇచ్చినావిడకీ తెలుసు మనం అది కుట్టించుకోమని, పుచ్చుకున్న మనకీ తెలుసు అది ఆవిడ కొన్నది కాదని. బీరువాలో దొంతరలో కొన్నాళ్లు పడుంటుంది, ఎవరో ఒకరు రాగానే బొట్టుతో పాటు బయల్దేరుతుంది. ఈ రహస్యం అందరికీ తెలుసు, బయటికి ఎవరూ అనరు. ఒకసారి మా పెళ్లిరోజుకి వచ్చిన ముక్క మీద నేనే బాల్‌పెన్నుతో పెట్టిన చుక్క కనబడింది. పుచ్చుకుని నవ్వేసి ఊరుకున్నాను.

కిందటేడు కార్తీకంలో అక్క ఫోన్ చేసింది. తన కళ్లకి నీటికాసులని, అంటే గ్లకోమా అని, మాకు అప్పటికే తెలుసు. చూపు పక్కల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోంది, పోయింది మళ్లీ రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే అన్నాడు డాక్టరు. అక్క మామూలుగానే, "ఏమే, ఆ సిల్కు గుడ్డ ఓసారి తీసుకురా. కళ్లు ఈ మాత్రం ఉండగానే చూసుకోవాలనుంది" అంది. అక్క నన్నేదైనా అడగడం అదే మొదలు. బీరువా తీశాను. స్కార్ఫు లేదు, పెట్టె లేదు. పెట్టె మా అత్తగారి మంచం పక్కన, బీపీ మాత్రలతో నిండుగా కనబడింది.

"పెట్టె గట్టిగా ఉందని తీసుకున్నానమ్మా. అందులో గుడ్డని నీ జాకెట్టు ముక్కల్లో పెట్టాను. శ్రావణ శుక్రవారంనాడు తక్కువొస్తే ఎదురింటావిడకి ఇచ్చినట్టున్నాను" అన్నారు. చేత్తో చుట్టి కుట్టిన అంచులున్న జాకెట్టు ముక్క ఆవిడ తన జన్మలో ఎక్కడ చూశారో నాకిప్పటికీ అర్థం కాదు. ఒళ్లు మండిపోయింది. ఏమన్నా అంటే పెద్దావిడని సాధించినట్టవుతుంది, అనకపోతే నా గుండె ఆగేలా ఉంది. చెప్పులేసుకుని ఎదురింటికి పోయాను.

ఎదురింటావిడ ముఖం పువ్వులా పెట్టి, "అయ్యో, ఎంత బాగుందో వదినగారూ! వెంటనే కుట్టించేసుకున్నాను" అంది. నా ప్రాణం పోయింది. ఏదీ, చూపించండి అన్నాను. మేడ్చల్ టైలరు దగ్గరుందిట. మేడ్చల్ వెళ్లాను. ఆ టైలరు నేను చెప్పిన చేపలూ వలలూ అన్నీ ఓపిగ్గా విని, "అసొంటిది మా దగ్గరికి రాలేదు మేడం" అన్నాడు. మళ్లీ వచ్చాను. ఇంకో దగ్గర ఇచ్చానేమో అంది. ఇచ్చిన ముక్కని ఇంకొకరికి ఇచ్చేశానని ఒప్పుకోవడం కన్నా ఆవిడ నన్ను హైదరాబాదులోని టైలర్లందరి దగ్గరికీ తిప్పేలా ఉంది. చివరికి నేను సిగ్గు విడిచి వాళ్ల సోఫాలోనే కూర్చుని ఏడ్చేశాను. అప్పుడు చెప్పింది. "మేం చేపలు ముట్టం కదండీ. చేపల బొమ్మల గుడ్డ ఒంటిమీద ఎలా వేసుకుంటాను? మా వంటమనిషికి బొట్టు పెట్టి ఇచ్చేశాను."

ఆ వంటమనిషిది అలియాబాద్. అడిగీ అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పింది. "గది మస్తు మెత్తగుండెనమ్మా. గానీ పొట్టిగుంది, నాకు రైక ఎల్లదు. ఇగ ఏం జేస్త, కట్ట మైసమ్మకు వెట్టిన. చెరువు బొమ్మనే గద, అమ్మకు మంచిగుంటదనుకున్న." ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. దాంతో నాకు ఇంకా చిరాకేసింది.

శామీర్‌పేట చెరువుకట్ట మీదున్న ఆ అమ్మవారి దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్లాను. ఉంది. భుజాల మీదుగా కప్పి ఉంది, తలకిందులుగా. నీళ్లు పైనా, ఆకాశం కిందా. సంతకం మీద ఇంత పసుపు. గుడి చూసుకునే ముసలావిడని బతిమాలాను, ఇంకో పట్టుచీర తెస్తానన్నాను. "అమ్మకు వెట్టింది మల్ల అడుగుతరా బిడ్డా? గట్ల ఇయ్యరాదు. మీ అక్కను తోలుకరా, కండ్ల నిండ చూసిపోతది" అంది. అక్క అప్పుడు కంటి ఆసుపత్రిలో ఉంది, శనివారం ఇంటికొస్తుంది. నేను ఫోన్లో ఫోటో తీసి ఆసుపత్రికి పట్టుకెళ్లి చూపిస్తే, ముక్కుకానించుకుని చూసి, "ఇది ఫోను వెలుగే, నా రంగు కాదు" అని తిరిగిచ్చేసింది.

శనివారం అక్కని చెయ్యి పట్టుకుని కట్ట ఎక్కించాను. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి వీస్తోంది, ముక్కుకి కొంగడ్డం పెట్టుకున్నాం. అమ్మవారి ఒంటి మీద కొత్త ఎర్రచీర ధగధగలాడుతోంది. ముందు రోజు ఎవరో మొక్కు తీర్చుకున్నారట. "పాతయన్ని తీసి వచ్చిన ఆడోళ్లకు ప్రసాదం లెక్క పంచిన. ఎవ్వలకు ఏదిచ్చిన్నో నాకేం యాది?" అంది ముసలావిడ. ఒక్కరోజు తేడాలో పోయింది. నాకు అక్కడే కూలబడి నేల మీద గుద్దాలనిపించింది. నేను అంత గొడవ పడుతుంటే అక్క మాత్రం చెరువు వైపు తిరిగి నిలబడింది. "నడిమి చెరువు నాకింకా కనబడుతూనే ఉందే. అంచులే పోయాయి. ఆ చేపల్ని చూసుకుందామనే అడిగాను" అంది. అక్క ఏడవడం నేను చూడటం కూడా అదే మొదలు.

అప్పట్నుంచి నా చేతికొచ్చిన ప్రతి జాకెట్టు ముక్కనీ విప్పి చూస్తున్నాను. మేడ్చల్లో పెళ్లిపిలుపు, అలియాబాద్‌లో బారసాల, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోతున్నాను. సాయంత్రం అక్క ఫోన్ చేసి వాతావరణం గురించి మాట్లాడుతుంది, పెట్టేసే ముందు "వచ్చిందా?" అని అడుగుతుంది. ఇవాళ కూడా అడిగింది. "బెంగెందుకే, కుట్టడానికి పనికిరాని ముక్క, తిరిగి తిరిగి మనింటికే వస్తుంది" అని మా అత్తగారు నాకు ధైర్యం చెబుతున్నారు. కోపమొచ్చినా ఆవిడ మాట నిజమేనని నాకు తెలుసు. ఎన్నేళ్లకైనా అది బొట్టుతో పాటు మా గుమ్మం ఎక్కుతుంది. దానికేం తొందర, ఉన్న తొందరంతా అక్క కళ్లకే.