మామ ముంచిన ఓడ

పోయిన నెల కాలేజీ సెలవులకు ఖమ్మం వచ్చిన మా అమ్మాయి, మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో ఆట ఆడుకుంటోంది. నేను పక్కనుంచి వెళుతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ఒక్కసారి ఇది విను అంటూ తన హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించింది. ముందు నీటి హోరు. ఆ హోరు లోపల ఎక్కడో దూరాన, గుద్, గుద్, గుద్ అంటూ బరువుగా తిరుగుతున్న ఓడ రెక్కల చప్పుడు. నేనక్కడే గోడకానుకుని కూలబడిపోయాను. పిల్ల హడలిపోయి, బీపీ పడిపోయిందేమోనని నీళ్లు తెచ్చి తాగించింది.

నా ఈడు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ప్రతి చిన్న ఊళ్లోనూ ఒక కంప్యూటర్ సెంటర్ వెలిసి, దుమ్ము పడుతుందని చెప్పులు బయట విడిపించి, పాఠం అయిపోగానే మిషన్ల మీద పూల గుడ్డలు కప్పే కాలం. నేను డిగ్రీ అయిన కొత్తలో భద్రాచలంలో, బ్రిడ్జికి పోయే దారిలో ఒక బట్టల షాపు పైన ఉన్న సెంటర్‌లో టైపింగూ, ఆఫీసు పనులకు కావలసిన ప్యాకేజీలూ నేర్పేదాన్ని. ఉదయం ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్, మధ్యలో మధ్యాహ్నమంతా ఖాళీ. సెంటర్ నడిపే సారు హైదరాబాద్ నుంచి ఆటల సీడీ ఒకటి తెచ్చి పెట్టాడు. అందరూ కార్లు తోలే ఆట మీద పడితే నాకెందుకో సబ్‌మెరైన్ ఆట పట్టుకుంది. సముద్రాన్ని అప్పటికి నేను చూడను కూడా చూడలేదు.

ఆ ఆటలో శత్రువు ఓడ కంటికి కనబడదు. మనం నీళ్ల అడుగున ఉంటాం, పైన మంచో చీకటో ఉంటుంది. సోనార్ అనే యంత్రపు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, ఏ వైపు నుంచి ఇంజను చప్పుడు వస్తుందో విని, ఆ వైపుకు మ్యాపు మీద ఒక గీత గీసుకోవాలి. కాసేపాగి మళ్లీ విని ఇంకో గీత. అట్లా గీతలు పోగుపడితే ఓడ ఎటు పోతోందో తెలుస్తుంది. అప్పుడు అది రాబోయే చోటికి, నీళ్లలో దూసుకుపోయి పేలే టార్పెడో వదలాలి. నాకు గీతలు గీయడం వచ్చింది కానీ వినడం రాలేదు. ఎన్నిసార్లు వదిలినా నా టార్పెడోలు ఉత్త నీళ్లలోనే పోయేవి.

మా అమ్మ తమ్ముడు, అంటే నా మేనమామ, అప్పుడు మా ఇంట్లోనే ఉండేవాడు. వయసులో ఉండగా గోదావరి మీద లాంచీ సరంగు. భద్రాచలం నుంచి కూనవరం మీదుగా కిందికి, మళ్లీ పైకి, సామానూ మనుషులూ ఎక్కిన లాంచీని నడిపేవాడు. తరువాత ఉన్నట్టుండి ఆ పని మానేసి, చిల్లర పనులు చేసుకుంటూ కొన్నేళ్లు గడిపాక, నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. దవాఖానాకు తీసుకుపోయేసరికే ఆలస్యమైందన్నారు. పెళ్లి చేసుకోలేదు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చూపు పోయిన దిగులని అందరం అనుకున్నాం. అమ్మ ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసేది. ఇంట్లో ఒక్కణ్ణీ వదలలేక నాతోపాటు సెంటర్‌కు పంపేది. ఫ్యాను కింద కుర్చీలో తల వంచుకుని కూర్చునేవాడు.

ఒకరోజు విసుగెత్తి హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకు పెట్టాను. ఊరికే, ఏదో ఒకటి వింటాడు కదా అని. నేను చక్రం తిప్పుతుంటే మామ తల ఎత్తాడు. చెయ్యి పైకి లేపి ఆగమన్నాడు.

"ఇది కుడిదిక్కుకెళ్లి ఇటే వస్తున్నది బిడ్డా. లోడు మీదున్నది. నిదానంగ కొడ్తున్నది ఇంజను."

అన్ని నెలల్లో ఆయన నోట ఒక్కసారిగా అన్ని మాటలు రావడం అదే మొదలు. ఇక అప్పటి నుంచి మధ్యాహ్నాలు మావైపోయాయి. చక్రం నాది, చెవులు ఆయనవి. మాల్ మోసే ఓడను ఒక రకంగా, దాని చుట్టూ కాపలా తిరిగే యుద్ధ ఓడను ఒక రకంగా గుర్తుపట్టేవాడు. ఇంటికి పోయాక అమ్మ దగ్గర ఆ ముచ్చట్లే. ఇంకో ముద్ద పెట్టమని అడుగుతుంటే అమ్మ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకునేది. వెంటాడటం బాగానే కుదిరింది కానీ, మేము వదిలే లోపే ఓడలు దిక్కు మార్చుకునేవి. ఒక్కటీ మునగలేదు.

వానాకాలం. ఒక మధ్యాహ్నం ముసురు పట్టి వీధిలో మనిషి అలికిడి లేదు. ఆటలో కూడా సముద్రమంతా తెల్లటి మంచు. మామ చాలాసేపు ఒక ఓడ వెంట పడ్డాడు. నేను గీత మీద గీత గీశాను. "ఇగ ఇడువు" అన్నాడు. వదిలాను. దూరంగా ఢామ్మన్న శబ్దం హెడ్‌ఫోన్ల బయటికి కూడా వినబడింది. నేను చప్పట్లు కొట్టి కేక పెట్టాను. మొట్టమొదటిసారి ఓడ దొరికింది!

ఆ తరువాత వచ్చే చప్పుడు ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఇనుము చీలుతున్నట్టు, చెక్కలు ఫెళఫెళ విరుగుతున్నట్టు, విరిగిన చోట నుంచి నీళ్లు లోపలికి తోసుకొస్తున్నట్టు, ఆగకుండా, కిందికి, ఇంకా కిందికి. మామ ఒక్క ఉదుటున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఇంజనాపు! ఇంజనాపు! మనిషున్నడు ముంగట!"

అరుస్తూనే మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో నేలంతా తడమసాగాడు. టేబుల్ కింద, వైర్ల మధ్య, గోడ మూల దాకా పాకుతూ, ఓ అన్నా, ఓ తమ్మీ, యాడున్నవ్ అని పిలుస్తున్నాడు. పిచ్చెత్తిందనుకున్నాను. స్విచ్చి ఆపేసి, ఆయన భుజాలు పట్టుకుని నేనూ నేల మీదే కూర్చుండిపోయాను.

"నేను మనిషిని సంపిన బిడ్డా" అన్నాడు.

ఆయన సరంగుగా ఉన్న రోజుల్లో ఒక చలికాలం పొద్దున, కూనవరం దగ్గర గోదావరి మీద చెయ్యి చాపితే చెయ్యి కనబడనంత మంచు. లాంచీ నడుపుతుండగా ముందువైపు ఏదో తగిలింది. చెక్క విరిగిన చప్పుడు. ఒక మనిషి కేక, సగంలోనే ఆగిపోయింది. ఏ ఊరివాడో చేపలకని దోనె వేసుకుని వచ్చినవాడు. మామ ఇంజను ఆపి, మంచు విడిచేదాకా అక్కడే తిరుగుతూ పిలిచాడు. చెక్క ముక్కలు దొరికాయి, ఒక తువ్వాలు దొరికింది. మనిషి దొరకలేదు. లాంచీ యజమాని ఎవరికీ చెప్పవద్దని, ఆ రేవులో మళ్లీ కాలు పెట్టవద్దని గద్దించాడు. మామ లాంచీ దిగిపోయాడు. కళ్లు పోయినప్పుడు, ఆ పాపానికే పోయాయని లోపల్లోపలే ఒప్పుకున్నాడట.

అమ్మకు చెప్పినప్పుడు ఆమె కలుపుతున్న అన్నం కంచంలో అట్లాగే వదిలేసింది. "ఇన్నేండ్లు ఒక్క ముక్క చెప్పలేదేందిరా తమ్మీ" అని మాత్రం అంది. మామ ఒకే మాట మీద కూర్చున్నాడు. ఆ మనిషి ఇంటివాళ్లను ఒక్కసారి కలవాలి, కాళ్ల మీద పడాలి. కేసవుతుందేమోనని భయపడుతూనే అమ్మ చివరికి సరేనంది.

వర్షాలు తగ్గాక మామను తీసుకుని బస్సెక్కాను. కూనవరంలో దిగి, అడుగుతూ అడుగుతూ ఏటి ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి చేరాం. దారిపొడవునా మామ చెయ్యి నా భుజం మీద బరువుగానే ఉంది. ఊరి మొదట్లో టీ కాస్తున్న ఒకామెను, లాంచీ తగిలి దోనె మునిగిపోయిన మనిషి ఇల్లెక్కడని గొంతు తగ్గించి అడిగాను.

"ఆ కుంటాయనా? గా ఇంటెనక వల అల్లుకుంట కూసున్నడు, పోండ్రి" అంది ఆమె, పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండానే.

నా భుజం మీది వేళ్లు ఎముకలోకి దిగినట్టయింది. "ఎవరు కూసున్నరన్నది బిడ్డా?" అన్నాడు మామ. నేను ఆయన్ని ఆ ఇంటి వెనక్కి నడిపించాను.

ఇంటి వెనక, ఒక కాలు కర్రలా చాచుకుని, నెరిసిన జుట్టు మనిషి వల అల్లుతున్నాడు. మేమెవరమో నేను తడబడుతూ చెప్పాను. ఆయన వల ఒడిలో పెట్టుకుని మామ వైపు తిరిగాడు.

"మంచుల ఓ అన్నా, ఓ తమ్మీ అని ఒర్లింది నువ్వేనా?"

"నేనే" అన్నాడు మామ.

"వినబడ్డది. అంత వినబడ్డది. ఒడ్డుకాడ చెట్టు వేర్లు పట్టుకొని ఉన్న. కడుపు నిండ నీళ్లు, గొంతు రాలే. నీ గొంతు దూరం పోయేదాక విన్న."

మామ నిలబడలేక కింద కూర్చున్నాడు. తిట్టమన్నాడు, కొట్టమన్నాడు.

"తిట్టిన. శానేండ్లు తిట్టిన. కాలు గిట్లయె, అడివికి పోరాకపాయె. తిట్టకుంట ఎట్లుంట? గని పిలిచినవ్ గద. అది యాదికొస్తే నోరు ఆగుతుండె." ఆయన మామ మొహంలోకి వంగి చూశాడు. "కండ్లు ఎప్పుడు పోయినయ్?"

"తర్వాత" అన్నాడు మామ.

ఆయన ముందుకు జరిగి, మామ చెయ్యి పట్టుకుని తన మోకాలి మీద, వంకరగా అతికిన ఎముక మీద పెట్టుకున్నాడు. మామ దాన్ని నెమ్మదిగా, పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు. ఇద్దరూ ఏడుస్తుంటే నేను గోదావరి వైపు తిరిగి నిలబడ్డాను. చచ్చిపోయాడనుకున్న మనిషి బతికుండటం సంతోషమే కదా. అయినా నాకు సంతోషం కలగలేదు. ఒక్క కేక అవతలికి వినబడక, రెండు బతుకులు అన్నేళ్లు అట్లా పోయాయే అనిపించింది.

ఆ తరువాత మామ అప్పుడప్పుడూ నన్ను తోడు తీసుకుని అక్కడికి పోయేవాడు. ఆయన అల్లే వలకు దారం అందిస్తూ కూర్చునేవాడు. ఆట మానేస్తాడనుకున్నాను కానీ మానలేదు. చెవులకు తగిలించుకుని, వస్తున్న ఓడల గురించి చెబుతూనే ఉండేవాడు, నా చెయ్యి బటన్ వైపు పోతే మాత్రం "చప్పుడు ఇందాం, ఇడువకు. పోనియ్యి" అనేవాడు. కొన్నేళ్లకు జ్వరం తగిలి మామ పోయినప్పుడు, చేతికర్ర ఊనుకుంటూ బస్సు దిగి వచ్చాడా కుంటాయన. అదే ఆఖరిసారి చూడటం.

నేను పెళ్లై ఖమ్మం వచ్చేశాను. లాంచీలు తగ్గాయి, రోడ్లు వచ్చాయి. ఆనకట్ట కింద మునుగుతుందని ఆ ఊరిని ఖాళీ చేయించారు. మొన్న ఆ చప్పుడు విన్నాక మనసు ఊరుకోక వాళ్ల కోసం కట్టిన కాలనీకి పోయాను. ఒకే తీరు ఇళ్లు, ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో పక్కపక్కన. వల అల్లే కుంటాయన అంటే, ఏ వల అని అడిగారు. ఆ మనిషి బతికున్నాడని తెలుసుకోవడానికి అప్పుడు టీ పొయ్యి దగ్గర ఒక్క మాట సరిపోయింది. ఇప్పుడు చేతిలో ఫోనుంది, కాలనీ గుమ్మం దాకా తారురోడ్డుంది, అడగడానికి ఆ ఊరే లేదు.