కవర్ ఇవ్వని కొట్టు, మా పెద్దమ్మ ముత్తమ్మ

పక్షం రోజుల కిందట, భద్రాచలంలోని ఒక దవాఖానాలో మా పెద్దమ్మ ముత్తమ్మ కన్నుమూసింది. జ్వరమని చేర్పించి మూడు రోజులే అయింది. ఫోనులో ఆ దుర్వార్త విన్నప్పుడు నేను పినపాకలోని ఆమె కొట్లోనే ఒకావిడ డబ్బాలోకి కందిపప్పు పోస్తున్నాను. దిగ్భ్రాంతిలో పోయడం ఆపాలని తోచలేదు. డబ్బా నిండి పప్పు నేల మీదికి జారుతుంటే ఆవిడే నా చేయి పట్టుకుంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఏ వస్తువునూ ప్లాస్టిక్ కవర్లో ఇవ్వని కిరాణా కొట్టు ఆమెది. పప్పులు, బియ్యం బస్తాల్లో, నూనె, కారం పెద్ద రేకు డబ్బాల్లో ఉండేవి. కొనేవాళ్లే సంచులూ సీసాలూ తెచ్చుకోవాలి. ఖాళీ డబ్బాను ముందు కాంటా మీద పెట్టి, ఆ బరువు తీసేసి, తరువాతే సరుకు తూచేది. సంచి మరిచినవారికి మోదుగాకు పొట్లం కట్టేది.

ఆ వ్రతదీక్ష పుస్తకాల్లో పుట్టింది కాదు. కొట్టు పెట్టకముందు ఆమె పారిశుద్ధ్య కార్మికురాలు. ఏళ్ల తరబడి మురుగు కాల్వల్లోంచి కవర్లను చేతులతో లాగింది. ఒక వానాకాలం కాల్వలు కవర్లతో పూడుకుపోయి ఇళ్లలోకి మురుగునీళ్లు వచ్చాయి. సంత వీధి వ్యాపారులు ఆమెనే నిందించారు. ఆమె తలవంచుకొని విన్నది. తరువాత ఆ పని మానేసి, అదే వీధిలో కొట్టు తెరిచింది. నష్టపోతావని నలుగురూ హెచ్చరిస్తే ఒక్క మాట అన్నది. "కవర్లు తీసీ తీసీ నా గోర్లు ఊడినయ్. మళ్ల నా చేతులతోటే ఇస్తనా?"

ఒకసారి పాల్వంచ నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒక ఉద్యోగి నూనె అడిగాడు. సీసా లేదు, కవర్ ఇవ్వరు. ఇదేం దుకాణమని గొంతు పెంచాడు. పెద్దమ్మ తన టిఫిను డబ్బాలోని అన్నం ఆకులో వంపుకొని, ఆ డబ్బా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె పోసి అతని చేతిలో పెట్టింది. "నీ మీద కోపం లేదు బిడ్డా, కవర్ మీదనే. టిఫిను మళ్ల తెచ్చియ్యి." వారం తిరగకముందే అతను దాన్ని తోమించి తెచ్చాడు. రెండో చేతిలో తన సీసా ఉంది.

ఎదురుగా కొత్త దుకాణం పడి, అడిగినన్ని కవర్లు ఇవ్వసాగాక మా గిరాకీ సన్నగిల్లింది. కాంటా మీద దుమ్ము పేరుకుంది. కొట్లో ఆమెకు సాయంగా ఉండే నేను భయపడి, నూనె ప్యాకెట్లయినా పెడదామని బతిమాలాను. ఆమె కాంటా మీది దుమ్ము తుడుస్తూ అన్నది. "కొట్టు మూతబడితే మళ్ల చీపురు పట్టుకుంట. కవర్ మాత్రం పట్టను."

మరునాడే బస్తాలను ఆటోలో వేసుకొని అడవి అంచున ఉన్న గూడేలకు బయలుదేరింది. అక్కడి స్త్రీలు వెదురు బుట్టలు, సొరకాయ బుర్రలు తెచ్చి నిలబడ్డారు. కవర్ ఏదని ఒక్కరూ అడగలేదు. ఆ తరువాత ప్రతి సంత రోజూ వాళ్లు తిన్నగా మా కొట్టుకే వచ్చారు. వాళ్లను చూసి ఊరివాళ్లూ ఒక్కొక్కరే తిరిగివచ్చారు. కొట్టు నిలబడింది.

అంత్యక్రియల నాడు ఎండకు జనం అల్లాడుతుంటే మా చిన్నాయన నీళ్ల ప్యాకెట్ల మూట తెచ్చాడు. నేను వద్దన్నాను.

"సావు కాడ గిట్ల పట్టింపేంది బిడ్డా?" అని నొచ్చుకున్నాడు.

"ఆమె సావు కాబట్టే, చిన్నాయనా."

వాడకట్టు ఆడవాళ్లు ఇళ్లకు పోయి బిందెలు, గ్లాసులు మోసుకొచ్చారు. చిన్నాయన మూటను తిరిగి ఆటోలో పెట్టి, తనూ గ్లాసుతోనే నీళ్లు తాగాడు.

కర్మకాండ ముగిసిన మరునాడు కొట్టు తెరిచాను. మొదట వచ్చినతను కవర్ అడిగాడు. లేదన్నాను. విసుక్కుంటూ ఎదుటి దుకాణానికి వెళ్లిపోయాడు. అదే పెద్దమ్మ "కవర్ లేదు" అంటే మనిషి ఆగేవాడు, కాసేపు తగువు పెట్టుకునేవాడు, ఆఖరికి నవ్వేవాడు. లేదనడం ఆమె నాకు నేర్పింది. లేదంటూనే మనిషిని నిలుపుకునే విద్య మాత్రం ఆమెతోనే పోయింది. అది మరొకరు పూడ్చలేని వెలితి. ఆ ధీరమూర్తికి చేతులెత్తి నమస్కరించి ఈ ఒక్కటే చెప్పగలను.

పెద్దమ్మా, పోయినవాడు పోయిండు. నేను కవర్ ఇయ్యలే.