ధర్మవరం పట్టుచీరల అంగడిలో వియత్నాం క్లాసు

ధర్మవరానికి ఎవరైనా ఇంట్లో పెళ్లి పెట్టుకుని పోతారు. నేను కడుపులో భయం పెట్టుకుని పోయాను. హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పి ఈమధ్యే మానేశాను. వియత్నాంలో ఒక యూనివర్సిటీ నన్ను ఇంగ్లీషు టీచరుగా తీసుకుంది. వీసా రాకముందే అక్కడ క్లాసులు మొదలైపోయాయి కాబట్టి మొదటి వారం ఆన్‌లైన్‌లో చెప్పమన్నారు. తొలి క్లాసును వాళ్ల శాఖాధిపతి కూర్చుని వింటుందట. ఆమెకు నచ్చితేనే నా వీసా కాగితాలు కదులుతాయి. ఆ క్లాసు శుక్రవారం. బుధవారం ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. పెనుకొండలో ఉండే మా వదిన ఫోన్ చేసి, కొత్త ఉద్యోగానికి కొత్త చీర లేకుండా ఎట్లా పోతావని నన్ను బయలుదేరదీసింది.

ఉదయం పదిన్నరకు హిందూపురంలో బస్సెక్కాను. ఆడవాళ్లు ఎక్స్‌ప్రెస్సుల్లోనూ ఆధార్ చూపిస్తే చాలు, డబ్బులు అక్కర్లేదు. పెనుకొండ గంట దూరం. బస్టాండు పక్కన వదినతో కలిసి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. తిన్నానంటే తిన్నాను, రుచి తెలియలేదు. నా భయం మీకూ చెప్పాలి. మా వైపు కాలేజీల్లో ఇంగ్లీషు పాఠమంటే ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, దాన్ని తెలుగులో విడమర్చి చెప్పడం. వెనక బెంచీల కోసం మధ్యలో కాస్త కన్నడం. అలా చెప్తేనే పిల్లలు పాసయ్యారు, నన్ను మెచ్చుకున్నారు కూడా. కానీ గంటసేపు ఒక్క ఇంగ్లీషులోనే మాట్లాడిన రోజు నాకు గుర్తులేదు.

మేమిద్దరం ఎక్కిన ధర్మవరం బస్సు పెనుకొండ కొండ దాటి చాలా దూరం వచ్చాక యూనివర్సిటీ నుంచి మెసేజ్ వచ్చింది. క్లాసు శుక్రవారం కాదు, ఈరోజే, మన టైము ప్రకారం రెండున్నరకు. దిగి వెనక్కి పోదామన్నాను. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యాడికి పోతావు? దారిలోనే టైమైపోతాది. మనకు తెలిసిన అంగడి ఉండాది, పైన గది ఉండాది. ఊరికే కూర్చో."

ధర్మవరం బస్టాండు నుంచి ఆటోవాడు అరవై అడిగాడు. పెండ్లి ఎవరిదమ్మా అని కూడా అడిగాడు. వదినే ఏదో చెప్పింది. అంగడాయన సంగతి విని మమ్మల్ని పై గదికి పంపాడు. చెప్పులు విప్పి తెల్లటి పరుపు మీద కూర్చున్నాం. వెనక గోడ పెచ్చులూడి ఉంటే, వదిన ఒక నీలం పట్టుచీరను అడ్డంగా వేలాడదీసింది. కొనకపోయినా పర్వాలేదు గానీ మడత నలగనీయద్దమ్మా అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పి కిందికి పోయాడు.

ఫోన్‌ను చీరల పెట్టెలకు ఆనించి మొదలుపెట్టాను. తెరనిండా పిల్లల మొహాలు, ఒక మూల కళ్లద్దాల శాఖాధిపతి. పాఠం ఒక ముసలాయన గురించి: తప్పు రైలెక్కి, కొడుకు ఊరు కాక మరో ఊరు చేరతాడు. మొదటి పేరా చదివాను, వివరించాను. గొంతు కుదురుకుంది. మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఇంత తేలికా అనుకుంటూ ఉండగా, మూలన కూర్చున్న వదిన బుగ్గన చెయ్యి పెట్టుకుని మెల్లగా అంది.

"అయ్యో పాపం. ఆ ముసలాయప్ప మళ్లీ ఇల్లు చేరతాడా?"

వదిన చదివింది ఏడో తరగతి, తెలుగు మీడియం. ఆమెకు కథ ఎలా తెలిసింది? అప్పుడు అర్థమైంది. ఇంతసేపూ నేను వియత్నాం పిల్లలకు తెలుగులో చెప్తున్నాను.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇంగ్లీషులో క్షమించమని అడిగి, మా దగ్గర ఇలా చెప్పే అలవాటని ఉన్నమాట చెప్పేశాను. ఒక అమ్మాయి మైకు ఆన్ చేసి, మా స్కూల్లో మాస్టర్లూ అంతే అంది. అందరూ నవ్వారు. అయితే ఆ కథ నీ భాషలో వీళ్లకు చెప్పు, తర్వాత అందరూ కలిసి నాకు ఇంగ్లీషులో చెప్పండి అన్నాను. ఆమె చెప్తుంటే మిగతావాళ్లు అడ్డొచ్చారు, వాదించుకున్నారు. నాకు ఒక్క ముక్క తెలియదు కాబట్టి వాళ్లు నాకు నిజంగానే చెప్పాల్సి వచ్చింది. తప్పో ఒప్పో, ఇంగ్లీషులోనే చెప్పారు.

చివర్లో శాఖాధిపతి కాగితాలు పంపుతామంది. ఈ పిల్లలు క్లాసులో ఇంతగా మాట్లాడటం తానెప్పుడూ చూడలేదంది. మీ భాష మాత్రం తగ్గించుకోండి అని కూడా అంది. ఆ నీలం చీరే తొమ్మిది వేలకు కొన్నాను.

మీరూ చీరకు పోతే, నచ్చిన చీరను ఒకసారి గుమ్మం దాకా తెప్పించి ఎండ వెలుగులో చూడండి, అంగడి లైట్ల కింద రంగు వేరుగా కనబడుతుంది. నా భయం తగ్గిందా అంటే, లేదు. తిరుగు బస్సులో వదిన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వచ్చే నెల వియత్నాం పోయాక ఆ క్లాసులో మళ్లీ తెలుగులోకి జారిపోతే, అయ్యో పాపం అనడానికి అక్కడ ఎవరుంటారు?