పొడుగు చేతుల జాకెట్టు

మా పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను గిద్దలూరులో, నా అంగట్లో, ఎవరిదో పెళ్లి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. నిద్రలోనే ప్రాణం పోయిందని, మధ్యాహ్నం సమాధి కార్యక్రమమని, కాసేపట్లో స్నానానికి నీళ్లు పెడతామని ఆమె కోడలు చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు గుర్తొచ్చింది జాకెట్టు. మూడు నెలల కిందట పెద్దమ్మ ఇచ్చిపోయిన తెల్లగుడ్డ మడత కూడా విప్పకుండా అలమరలో ఉంది.

ఆమె మా అమ్మకు సొంత అక్క. రైలు పట్టాల అవతల, నల్లమల కొండలు కనపడే మా పల్లెలో, స్త్రీల సమాజానికి చాలా ఏళ్లు ఆమే పెద్ద. పగలంతా కూలికి పోయి మిరపకాయలు కోసి, సాయంత్రం ఆ మండే చేతులతోనే బైబిలు పట్టుకుని కూడికకు వచ్చేది. ఆమె ప్రార్థన మొదలుపెడితే పిల్లలం ఒక కన్ను తెరిచి ఒకరినొకరు చూసుకునేవాళ్లం, ఇప్పట్లో ఆమేన్ వస్తుందా రాదా అని. అది ఆమెకూ తెలుసు. అయిపోయాక కొంగుముడి విప్పి పిప్పరమెంటు బిళ్లలు తీసి, కన్ను తెరిచిన వాళ్లకే ముందు ఇచ్చేది.

"దేవునికి కండ్లు బాగానే కనపడతయ్యి. అద్దాలు గావాల్సింది మనుషులకే" అనేది.

ఆమె జాకెట్టు చేతులు మణికట్టు దాకా ఉండేవి. మా వైపు ఎండలు మీకు తెలుసు కదా, ఏప్రిల్ వస్తే గోడ ముట్టుకున్నా కాలుతుంది. ఆ ఎండలో కూడా ఆమెవి నిండు చేతులే. సంఘంలో ఆడవాళ్లు అది భక్తి అనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. కొన్నేళ్లకు మా పల్లెలో పొడుగు చేతుల జాకెట్టు పరిశుద్ధతకు గుర్తయి కూర్చుంది. పొట్టి చేతులతో వచ్చిన కొత్త కోడళ్లను వెనక చాప మీద కూర్చోబెట్టేవాళ్లు. మందిరమంతా చెమటలు కక్కుతూ పాటలు పాడేది. అవన్నీ కుట్టింది నేనే కనుక నాకు నవ్వూ వచ్చేది, పాపం చేస్తున్నానేమోనని భయమూ వేసేది. ఎందుకంటే ఆమె చేతులు ఎందుకు కప్పుకుంటుందో నా ఒక్కదానికే తెలుసు.

కొలత తీసే మనిషి దగ్గర ఒంటి మీది గుట్టు దాగదు. నేను కొత్తగా మిషను నేర్చుకున్న రోజుల్లో ఆమెకు కుట్టిన మొదటి జాకెట్టు తొడిగి, రెండు చేతులూ పైకెత్తి చూసింది. "స్తుతి చేసేటప్పుడు జారకూడదే" అన్నది. జాకెట్టు చేయి వదులై మోచేతి దాకా జారింది. ముంజేతి లోపలి వైపు మూడు ఆకుపచ్చ అక్షరాలు. ఒక పేరు. ఆమె గబుక్కున చేయి దించింది కానీ, అప్పటికే నేను చదివేశాను. ఆ తర్వాత ఆమె ప్రతి జాకెట్టుకూ మణికట్టు దగ్గర టిచ్ బటన్ పెట్టేదాన్ని. ప్రతిసారీ ఆమె నా ముందు చేతులెత్తి చూసుకునేది.

ఆ పేరు ఆమె మొదటి బిడ్డదని తర్వాత ఆమే చెప్పింది. నడక వచ్చిన కొత్తలో విషజ్వరంతో పోయాడు. ఫోటో లేదు. ప్రభువు దగ్గరికి పోయినవాడి కోసం ఏడవడం అవిశ్వాసమని ఇంట్లో వాళ్లు ఆ పేరు ఎత్తడం మానేశారు. ఏడాది తిరిగేలోగా వాడి ముఖం మసకబారుతోందని ఆమెకు భయం పట్టుకుంది. మార్కాపురంలో చుట్టాలింటికి పోయినప్పుడు, తిరునాళ్లలో బ్యాటరీ మిషనుతో పచ్చబొట్లు వేసే మనిషి ముందు చేయి చాపింది. అప్పటికి ఆమె బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్లు. చనిపోయిన వాళ్ల కోసం ఒంటిని కోసుకోకూడదని, పచ్చబొట్లు పొడిపించుకోకూడదని బైబిలు ధర్మశాస్త్రంలో ఉన్న సంగతి ఆమెకు నోటికి వచ్చు. తెలిసే చేసింది. అందుకే జీవితమంతా భయపడింది.

ఆ భయం ఎంతదో నాకు పోయినేడాది దాకా అర్థం కాలేదు. ఒంగోలులో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చింది. గడియారం పెట్టుకునే చోట, మణికట్టు మీద, చింతగింజంత సిలువ పొడిపించుకుని వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు వయసులో చిన్నవారు, మంచివారు, వాక్యానికి భయపడే మనిషి. ఆయన అరవలేదు. గుర్తు గుండెలో ఉండాలి గానీ తోలు మీద కాదని మెల్లగా చెప్పారు. ఇది సోకు కోసం కాదని, వార్డులో మొదటిసారి మనిషి చనిపోవడం చూసినప్పటి నుంచి చేతులు వణుకుతుంటే చూసుకోవడానికి వేయించుకున్నానని మా అమ్మాయి చెప్పింది. మన ముసలవ్వలందరికీ పచ్చబొట్లు ఉండేవి కదా, వాళ్లు ప్రభు బల్లలో చేయి వేయలేదా అని ఒక పెద్దాయన అడిగాడు.

"తెలియక చేసింది వేరు, తెలిసి చేసింది వేరు" అన్నారు అయ్యగారు.

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె ఒక్క మాట చెబితే సభ ఆగుతుంది. ఆమె ఎడమ చేతి బటన్ మీద కుడిచేతి బొటనవేలు పెట్టి నొక్కుకుంటూ కూర్చుంది. పశ్చాత్తాపపడేదాకా మా అమ్మాయి ప్రభు బల్లకు దూరంగా ఉండాలని తీర్మానించారు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ పూట పెద్దమ్మతో మాట్లాడకుండా ఇంటికి వచ్చేశాను.

మరుసటి నెల మొదటి ఆదివారం, మా అమ్మాయి ఇంకా సెలవుల్లోనే ఉంది, ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం వచ్చేటప్పటికి పెద్దమ్మ ముందు వరసలోంచి లేచి, మెల్లగా వెనక్కి వచ్చి, మా అమ్మాయి పక్కన చాప మీద కూర్చుంది. ఆ రోజూ తీసుకోలేదు, ఆ తర్వాత చనిపోయేదాకా తీసుకోలేదు. అయ్యగారు ఇంటికి వచ్చి బతిమాలారు. మనవరాలి కోసం పట్టుదలకు పోయిందని ఊరు అనుకుంది. నేను అడిగితే మాత్రం చెప్పింది.

"దాని చేతిది కనపడతాది, నా చేతిది కనపడదు. అంతేగదమ్మా తేడా. ఆ పొద్దు సభలో చెబుదామనే అనుకున్నా. చెరిపించుకోమంటారని భయమేసినాది. ఇది పోతే వాడు నాకు ఇంకేడున్నాడు?"

నాకు కోపం పోయింది. ఆమెకు మాత్రం భయం పోలేదు. తెల్లగుడ్డ ఇచ్చినప్పుడు అడిగింది కూడా దాని గురించే. స్నానం చేయించేటప్పుడు చేయి ఎవరి కంటా పడకూడదు. "నా మీద మన్ను పడేదాకా దాచు. ఆ తర్వాత ఎవరికి జెప్పుకుంటావో నీ ఇష్టం." సరే అన్నాను. బతికున్న మనిషికి చావు జాకెట్టు కుట్టడానికి చేతులు రాక రోజులు గడిపాను. అది ప్రేమ అనుకున్నాను, కానీ అది ఒట్టి పిరికితనం.

ఆ పొద్దున మిషను తొక్కుతుంటే దారం నాలుగుసార్లు తెగింది. మా అమ్మాయి సెలవుల్లో ఇంట్లోనే ఉంది కనుక, ముందు నువ్వు పో, నేను వచ్చేదాకా నీళ్లు పోయనీయొద్దని పంపించాను. ఎందుకని అడగకుండానే పోయింది. ఆటోలో నేను హుక్కులు కుట్టుకుంటూ పోయాను. పట్టాల దగ్గర గేటు పడింది. గూడ్సు బండికి ఎన్ని పెట్టెలున్నాయో, ఆ రోజు దానికి తోక రాలేదు.

నేను పోయేటప్పటికి స్నానం అయిపోయింది. గది నిండా ఆడవాళ్లు. పెద్దమ్మ మంచం మీద ఉంది, మెడ దాకా దుప్పటి. ఎడమ చేయి మాత్రం బయట ఉంది, పాత జాకెట్టు తీసేసిన ఉత్త చేయి. దాని మీద మా అమ్మాయి అరచేయి అడ్డంగా పరిచి ఉంది. స్నానం మొత్తం ఆ చేయి తీయలేదని కోడలు చిరాగ్గా చెప్పింది. నేను అమ్మాయికి ఎన్నడూ చెప్పలేదు. వెనక చాప మీద కూర్చున్న ఆ ఆదివారాల్లో ఎప్పుడో పెద్దమ్మే బటన్ విప్పి దానికి చూపించిందట.

చేయి బిగుసుకుపోయి జాకెట్టు ఎక్కలేదు. కత్తెర తీసి జాకెట్టు చేతిని పొడుగునా అడుగు వైపు చీల్చి, ఒంటి మీదనే సూదితో కుట్టడం తప్ప దారి లేదు. అయ్యగారి భార్య, పాస్టరమ్మ, దగ్గరికి వచ్చి వంగింది.

"చెయ్యి తియ్యమ్మా, మీ అమ్మను కుట్టనియ్యి."

"ఉండనీండి పాస్టరమ్మా. అవ్వ చెయ్యి నేను పట్టుకుంటా."

పాస్టరమ్మ ఆ మణికట్టు మీది సిలువను చూసింది. అదే చేతిని ఏడాదిగా బల్లకు రానీయలేదు. కాసేపు చూసి, ఇంతమంది ఉంటే గాలి ఆడదని అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేసింది. ఆమెకు తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను మోచేతి నుంచి కిందికి కుట్టుకుంటూ వచ్చాను. కుట్టు ఎంత దిగితే మా అమ్మాయి అరచేయి అంత జరిగింది. ఒక అక్షరం, తర్వాత ఒకటి, తర్వాత ఒకటి తెల్లగుడ్డ కిందికి పోయాయి. చివర్లో టిచ్ బటన్ నేనే నొక్కాను. అప్పుడు ఏడుపొచ్చింది.

అయ్యగారు లోపలికి వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచారు. నేను చిన్నప్పటిలాగే ఒక కన్ను తెరిచాను. ఇక దాచాల్సిన పని లేకపోయినా మా అమ్మాయి చేయి ఇంకా ఆ తెల్లటి జాకెట్టు చేతి మీదే ఉంది. అది వణకడం లేదు.